ట్రైనర్ ఏం చేస్తున్నాడని అడిగారు కదా

సంపాదకులకు నమస్కారం.

జిమ్‌లో వ్యాయామం చేస్తూ కుప్పకూలుతున్నవాళ్ల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. డాక్టర్లు చెప్పిన జాగ్రత్తలన్నీ బాగున్నాయి. చివర్లో మాత్రం ‘అంత జరుగుతుంటే పక్కనున్న ట్రైనర్ ఏం చేస్తున్నట్టు?’ అని అడిగి వదిలేశారు. 2021 అక్టోబర్‌లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ వ్యాయామం చేశాక గుండెపోటుతో పోయినప్పటి నుంచి ఈ ప్రశ్న వింటూనే ఉన్నాం. టీవీ చర్చల్లో డాక్టర్ ఉంటాడు, సెలబ్రిటీల కోచ్ ఉంటాడు. రోజూ ఫ్లోర్ మీద నిలబడేవాడిని ఎవరూ పిలవరు. అందుకే ఆ ట్రైనర్ ఏం చేస్తుంటాడో నేనే రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల దగ్గర. పక్కనే కొండవెలగాడ. వెయిట్‌లిఫ్టింగ్ తెలిసినవాళ్లకు ఆ ఊరి గురించి చెప్పనక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామశాల పెట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి కథలు మా తాత చెబుతుంటే వింటూ పెరిగాను. 2000లో కర్ణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చినప్పుడు నేను బళ్లో ఉన్నాను. ఆ ఏడాది మా వైపు ఇంటికో పిల్లాడు బార్ పట్టుకున్నాడంటే పెద్ద అబద్ధమేం కాదు. రైల్వేలోనో, ఆర్మీలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తుందని అందరి ఆశ. కొందరికి వచ్చింది. నేను రాష్ట్రస్థాయి దగ్గరే ఆగిపోయాను. మోకాలు సహకరించలేదు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వచ్చి జిమ్‌లో చేరాను. నలభై వేలకు పైగా పెట్టి సర్టిఫికెట్ కోర్సు చేశాను. దాన్ని రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ మళ్లీ తీసుకోవాలి. ఆ ఖర్చు నాదే, ఆ రోజు సెలవు జీతం కోత కూడా నాదే. ఇదంతా చెప్పుకుంటున్నది గొప్పకు కాదు. మన దేశంలో ట్రైనర్‌గా పనిచేయడానికి లైసెన్స్ అంటూ చట్టం లేదు. నాలాగా చదువుకున్నవాడైనా, నిన్నటిదాకా అదే జిమ్‌లో మెంబర్‌గా ఉండి కండలు చూపించి చేరినవాడైనా జీతం ఒక్కటే. చదువుకున్నందుకు రూపాయి ఎక్కువ రానప్పుడు చదువుకునేది ఎవరు?

ఇక రోజు సంగతి. నాలుగున్నరకు లేస్తే ఐదున్నరకు షట్టర్ తీయగలను. ఐదూ నలభైకల్లా మొదటి పీటీ (పర్సనల్ ట్రైనింగ్) మెంబర్ వచ్చేస్తారు. పదిన్నర దాకా ఊపిరి సలపదు. తర్వాత సాయంత్రం నాలుగున్నర వరకు ‘బ్రేక్’. మళ్లీ నాలుగున్నర నుంచి రాత్రి పది. మెంబర్లు వెళ్లిపోయాక ప్లేట్లన్నీ ఏరి ర్యాకుల్లో పెట్టాలి, డంబెల్స్ జతలు కలపాలి. మనవాళ్లకు బరువు ఎత్తడం మీద ఉన్న శ్రద్ధ దాన్ని తీసిన చోట పెట్టడం మీద ఉండదు. లెగ్ ప్రెస్ మీద అటు నాలుగు, ఇటు నాలుగు ఇరవై కిలోల ప్లేట్లు అలాగే వదిలేసి, ‘గుడ్ నైట్ కోచ్’ అని వెళ్లిపోతారు. అంటే 160 కిలోలు. అది ఒక్క మెషీన్. బస చేరేసరికి పదకొండు, తిని పడుకునేసరికి పన్నెండు. మళ్లీ నాలుగున్నరకు అలారం. రోజుకు ఎనిమిది గంటలు నిద్రపోండి, నిద్రలోనే కండ పెరుగుతుంది అని మెంబర్లకు చెప్పేది కూడా నేనే.

దీన్ని మా దగ్గర బ్రేక్ షిఫ్ట్ అంటారు. పని గంటలు లెక్కేస్తే పదిన్నర. వారానికి ఆరు రోజులకు 63. దానిమీద ఆదివారం పొద్దున సగం పూట. కానీ అసలు సమస్య ఆ గంటలు కాదు, మధ్యలో ఉన్న ఆ ఆరు గంటల ఖాళీ. కొండాపూర్‌లో జిమ్, నిజాంపేటలో గది. వెళ్లి రావడానికి పెట్రోలు, ట్రాఫిక్, ఎండ. వెళ్లినా రెండు గంటలు పడుకుని మళ్లీ బయల్దేరాలి. అందుకే మాలో ఎక్కువమంది జిమ్‌లోనే ఉండిపోతాం. స్టూడియోలో యోగా మ్యాట్లు రెండు పరుచుకుని పడుకుంటాం. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఆ టైంలో ఏసీ మెయిన్ ఆపేస్తారు. మాది సెల్లార్, కిటికీలు లేవు. పొద్దున వందమంది కార్చిన చెమట వాసన అలాగే ఉంటుంది. ఏప్రిల్‌లో అక్కడ నిద్ర పట్టదు, ఊరికే కళ్లు మూసుకుంటాం. ఆ టైంని ఎవరూ డ్యూటీ అనరు, అలాగని అది నా సొంత టైమూ కాదు. మా అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే అడుగుతుంది: “పొద్దుటేల ఎల్తే రాత్రికి గానీ రావు, మళ్లీ జీతం మాత్రం సగం రోజుకే ఇస్తారంటావు. అదేటి ఉద్యోగంరా?”

నేను లాయర్ని కాను. కానీ మా మెంబర్లలో లేబర్ కేసులు చూసే లాయర్ ఒకాయన ఉన్నారు. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇది. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం మనకు ఉంది. పని, విరామం అన్నీ కలిపి రోజు మొత్తం 12 గంటలకు మించి సాగకూడదని అందులో ఉంది. వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల పనికి అనుమతిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. అందులో కూడా వారానికి 48 గంటలే, విరామంతో కలిపి రోజుకు 12 గంటలే. పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది అంటే పదహారున్నర గంటలు. మా ఏరియాలో బ్రేక్ షిఫ్ట్ లేని జిమ్ ఎక్కడైనా ఉందేమో అని అడిగి చూశాను. రెండు షిఫ్టులకు వేరువేరు మనుషులను పెట్టుకున్నవి ఒకటో రెండో పెద్ద జిమ్‌లు కనిపించాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ట్రైనర్లు పీటీల మీద లక్షలు సంపాదిస్తారని బయట ఒక పేరుంది. సంపాదించేవాళ్లు ఉన్నారు, జూబ్లీహిల్స్‌లో. నాకు ఫ్లోర్ జీతం 18,000. పీటీ అంటే నెలకు 12 సెషన్లు, మెంబర్ కట్టేది 9,000. అందులో నాకు 40 శాతం అన్నారు చేరినప్పుడు. చేరాక తెలిసింది, అది జీఎస్టీ తీసేశాక మిగిలినదాంట్లో 40 శాతం అని. 18 శాతం పన్ను పోతే 7,627 మిగిలేది, నా వాటా 3,050. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. పేపర్లో చదివి సంబరపడ్డాను. మా జిమ్‌లో ఫీజు తగ్గించలేదు కాబట్టి ఆ లెక్కన నా వాటా 3,400 దాటాలి. నెలాఖరుకు మేనేజర్ పిలిచి, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (మనం ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని మినహాయించుకునే వీలు) పోయింది, అద్దె మీద కట్టే జీఎస్టీ ఇప్పుడు మన నెత్తినే పడుతోంది, ఇకనుంచి 35 శాతం అన్నాడు. లెక్క వేసుకుంటే సరిగ్గా 3,000. పన్ను తగ్గితే యాభై రూపాయలు పోగొట్టుకున్నవాడిని నేనేనేమో. సెషన్‌కు 250 పడుతుంది. మా వీధిలో ఏసీ సర్వీసింగ్‌కు వచ్చే కుర్రాడు గంటకు అంతకంటే ఎక్కువే తీసుకుంటాడు.

ఓనర్ మాట కూడా పూర్తిగా తీసిపారేయలేను. క్రెడిట్ పోయిన మాట నిజం. అద్దెలు, మెషీన్ల ఈఎంఐలు నిజం. పక్క వీధిలో ‘ఏడాదికి 7,999, భార్యకు ఫ్రీ’ అని ఫ్లెక్సీ కట్టినవాడితో పోటీ కూడా నిజం. ఆ రేటుకు జిమ్ నడవాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. అద్దెలో పెట్టలేరు, కరెంటులో పెట్టలేరు. మిగిలింది మేమే.

ఆ కోత ఎలా ఉంటుందో చూడండి. పదిమంది పనిచేసే చోట ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి, 21,000 లోపు జీతం వాళ్లందరికీ. మా దగ్గర రిసెప్షన్, హౌస్‌కీపింగ్, ట్రైనర్లు కలిపి పద్నాలుగు మందిమి. కాగితం మీద ఉద్యోగులు ఆరుగురే. ట్రైనర్లం ‘కన్సల్టెంట్లం’. జీతం బదులు ప్రొఫెషనల్ ఫీజు అని చూపించి టీడీఎస్ కింద ముందే పన్ను పట్టుకుంటారు. అది వెనక్కి తెచ్చుకోవడానికి మళ్లీ నేను ఆడిటర్‌కు డబ్బులిచ్చి రిటర్న్ వేయించుకోవాలి. పే స్లిప్ లేదు కాబట్టి బైక్ లోన్ కూడా మా బావమరిది పేరు మీదే వచ్చింది. కన్సల్టెంట్ అంటే తనకు వీలైన టైంలో వచ్చి పోయేవాడు కదా? నేను ఐదు నిమిషాలు లేటైతే బయోమెట్రిక్‌లో సగం రోజు కట్ అవుతుంది.

నా 18,000 మీద ఈఎస్ఐ కడితే ఓనర్‌కు నెలకు 585 రూపాయలు, నాకు 135. ఇంతే. నాతో పనిచేసే కుర్రాడొకడు మెంబర్ పడుకుని బార్ ఎత్తుతుంటే (బెంచ్ ప్రెస్) స్పాటింగ్ ఇస్తూ, అంటే ఆసరాగా నిలబడి, బార్ జారుతుంటే వంగి పట్టుకున్నాడు. మెంబర్ ఛాతీ మీద పడకుండా ఆపాడు, వాడి నడుములో డిస్క్ పక్కకు జరిగింది. డాక్టర్ ఆరు వారాలు బెడ్ రెస్ట్ అన్నాడు. ఈఎస్ఐ ఉంటే వైద్యం ఉచితం, పనిలో దెబ్బ తగిలింది కాబట్టి ఇంట్లో ఉన్న రోజులకు జీతంలో ఎక్కువ భాగం వచ్చేది. వాడికి వచ్చింది మేమంతా వేసుకున్న చందా. ఆరు వారాల తర్వాత తిరిగొస్తే వాడి పీటీ మెంబర్లను వేరేవాళ్లకు పంచేశారు. ఇప్పుడు కూకట్‌పల్లిలో సప్లిమెంట్ల షాపులో కూర్చుంటున్నాడు. వంగకుండా చేసే పని అని.

కరోనా అప్పటి సంగతులు ఎక్కువ చెప్పను, అందరూ పడ్డారు. అయితే 2020 మార్చిలో మూసిన జిమ్‌లకు ఆగస్టు 5న గానీ అనుమతి రాలేదు, మళ్లీ 2021 మేలో మూతపడ్డాయి. అన్ని నెలలూ జీతం లేదు. కన్సల్టెంట్లం కదా. నేను ఫుడ్ డెలివరీ చేశాను. నా మెంబర్ ఇంటికే బిర్యానీ పట్టుకెళ్లిన రోజులున్నాయి. ఆయన సిగ్గుపడి “కోచ్, ఇది చీట్ మీల్” అన్నాడు, అంటే డైట్‌కు ఒక్కపూట సెలవని.

ఆడపిల్లల పరిస్థితి ఇంకో రకం. జుంబా, ఏరోబిక్స్ చెప్పే అమ్మాయిలకు క్లాసుకు ఇంత అని ఇస్తారు. మా దగ్గర 450. ఒక్కో అమ్మాయి పొద్దున రెండు, సాయంత్రం మూడు క్లాసులు, వేరువేరు చోట్ల. మైక్ పాడైతే పాట మీదుగా అరవాలి. ఒకామెకు గొంతు పూర్తిగా పోయి, డాక్టర్ నెల రోజులు మాట్లాడొద్దంటే, ఆ నెల ఆదాయం సున్నా. నెలసరి వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా క్లాస్ క్యాన్సిల్ అంటే డబ్బు క్యాన్సిల్. గర్భం వస్తే పని వదిలేయడమే. పొద్దున ఐదున్నర బ్యాచ్‌కు రావాలి, రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాలి. కొత్త లేబర్ కోడ్ ప్రకారం సాయంత్రం ఏడు దాటాక, పొద్దున ఆరుకు ముందు ఆడవాళ్లతో పని చేయించుకోవాలంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి, భద్రత చూసుకోవాలి. సమ్మతి సంగతి దేవుడెరుగు, మా సెల్లార్‌లో వాళ్లు బట్టలు మార్చుకోవడానికి గడియ పడే గది లేదు. ‘ఫామ్ (వ్యాయామ భంగిమ) కరెక్ట్ చేయండి’ అంటూ చేతులు పట్టుకునే మెంబర్ల గురించి ఫిర్యాదు చేస్తే, ఆయన ఏడాది ప్యాకేజీ కట్టాడమ్మా, కాస్త చూసుకో అంటారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య మా ఫ్లోర్ మీద అరవై మంది ఉంటారు. ట్రైనర్లం నలుగురం. ముగ్గురు పీటీలో ఉంటారు, వాళ్ల కళ్లు వాళ్ల మెంబర్ మీదే ఉండాలి, ఆయన డబ్బు కట్టాడు. అరవై మందికి మిగిలేది ఒక్కడు. ఆ ఒక్కడూ కొత్తగా విచారించడానికి వచ్చినవాళ్లకు జిమ్ తిప్పి చూపించాలి, ప్యాకేజీ చెప్పాలి, అడ్వాన్స్ కట్టించాలి. నెలకు ఇన్ని అడ్మిషన్లు, ఇన్ని రెన్యువల్స్, ఇన్ని ప్రొటీన్ డబ్బాలు అని టార్గెట్. అందుకోకపోతే ఆ నెల ఇన్సెంటివ్ లేదు.

కిందటి చలికాలంలో ఒక రాత్రి ఎనిమిదిన్నరప్పుడు ఆ ఒక్కడిని నేనే. ఒక కుటుంబానికి కార్డియో సెక్షన్ చూపిస్తున్నాను. ట్రెడ్‌మిల్ మీద నలభై ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ ఆయన. అలసిన మనిషి ముందుకు వంగుతాడు. ఈయన రాడ్ పట్టుకుని వెనక్కి వాలుతున్నాడు, పెదాల రంగు మారింది. పరుగెత్తి ఎమర్జెన్సీ స్టాప్ లాగి కింద కూర్చోబెట్టాను. రిసెప్షన్‌లో బీపీ మెషీన్ ఉంది, అందులో బ్యాటరీలు లేవు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉన్నవి బ్యాండెయిడ్, డెటాల్. మెంబర్లలో ఒకరి కారులో ఆసుపత్రికి పంపాం, ఆయన బతికి బయటపడ్డాడు. బీపీ మాత్రలు వాడుతున్న సంగతి అప్లికేషన్ ఫారంలో రాయలేదట. ఆ ఫారం ఎవరూ చదవరు కూడా, ఫోన్ నంబర్ ఎక్కించుకుని ఫైల్లో పెడతారు. మర్నాడు మేనేజర్ నన్ను అడిగింది ఆయన ఎలా ఉన్నాడని కాదు. మధ్యలో వదిలేసిన ఆ కుటుంబం వేరే జిమ్‌లో చేరిపోయిందట, ఆ అడ్మిషన్ ఎవరి ఖాతాలో రాయాలని.

నాలుగున్నర గంటల నిద్రతో, అరవై మంది మధ్య, చేతిలో ప్యాకేజీల కార్డు పట్టుకుని ఉన్నవాడు అన్నిసార్లూ పెదాల రంగు గమనిస్తాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇంకొకటి కూడా రాయాలి. ట్రైనర్ ఒళ్లే జిమ్‌కు హోర్డింగ్ కాబట్టి, సన్నబడితే పీటీలు రావు. గుడ్లు, చికెన్‌కే నెలకు ఆరేడు వేలు. అవి కొనలేని కుర్రాళ్లు కండలు పెంచుకోవడానికి చవగ్గా దొరికే ఇంజెక్షన్ల వైపు వెళ్తున్నారు. ఇరవై మూడేళ్లకే బీపీ తెచ్చుకున్నవాడు నాకు తెలుసు. మెంబర్ల గుండెల గురించి రాసినప్పుడు, వీలైతే వీళ్లవి కూడా రాయండి.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, జీతం ఏడో తేదీలోపు పడాలి, పని మానేసినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాల్లో బకాయిలు తేల్చాలి అని వాటిలో ఉంది. రాత్రికి రాత్రి బోర్డు పీకేసే జిమ్‌లు ఈ ఊళ్లో కొత్త కాదు. నేను మొదట పనిచేసిన చోట అదే జరిగింది. ఏడాది ఫీజు కట్టిన మెంబర్లు షట్టర్ ముందు మమ్మల్నే నిలదీశారు. మాకూ రెండు నెలల జీతం రావాలని చెబితే ఎవరూ నమ్మలేదు.

లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక్కసారి జిమ్‌లకు రండి. పగలు పదకొండింటికి వచ్చి రిజిస్టర్ చూసి వెళ్లొద్దు. పొద్దున ఆరింటికి ఒకసారి, అదే రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకోసారి వచ్చి, రెండుసార్లూ కనిపించిన ముఖాలు లెక్కపెట్టుకోండి. అవే ముఖాలైతే ఇంకే రుజువూ అక్కర్లేదు. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడు ట్రైనర్ల పేర్లు, వాళ్ల సర్టిఫికెట్లు, ఈఎస్ఐ నంబర్లు అడగండి. పీటీలో ఉన్నవాడిని ఫ్లోర్ ట్రైనర్‌గా లెక్కలోకి తీసుకోవద్దు. సీపీఆర్ శిక్షణ ఖర్చు జిమ్ పెట్టుకోవాలి, నేను కాదు. మెంబర్లు కూడా చేరేముందు ఏసీ ఉందా, స్టీమ్ బాత్ ఉందా అని అడిగినట్టే, సాయంత్రం ఫ్లోర్ మీద ఖాళీగా ఎంతమంది ట్రైనర్లు ఉంటారో ఒక్క మాట అడగండి.

నా పేరు, జిమ్ పేరు వేయొద్దని మనవి. జనవరి అడ్మిషన్ల సీజన్‌లో పని పోతే మళ్లీ వేసవి దాకా దొరకడం కష్టం. మీ విలేఖరి ఎవరైనా వచ్చి చూస్తానంటే మధ్యాహ్నం రెండింటికి ఏ జిమ్ షట్టర్ కొట్టినా చాలు. కాసేపటికి ఎవరో ఒకరు లేచి తీస్తారు.

ఇట్లు,
ఒక జిమ్ ట్రైనర్,
నిజాంపేట, హైదరాబాద్